ఒప్పుకున్నట్టు రాశారు

శేషుకుమారికి ఆ ఫోను వచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర అయింది. వెర్రిబీలో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ బయట కారాపుకుని, డబ్బాలో తెచ్చుకున్న పెరుగన్నం తింటోంది. పొద్దున ఒక గర్భిణికి స్కానింగ్ గదిలో, ఆ తర్వాత ఒక పెద్దావిడకి పన్ను పీకేటప్పుడు, డాక్టర్లు చెప్పింది తెలుగులోకీ వీళ్ళు చెప్పింది ఇంగ్లీషులోకీ మార్చి చెప్పింది. అదే ఆమె ఉద్యోగం. పదకొండేళ్ళుగా మెల్‌బోర్న్ పడమటి వైపు ఆసుపత్రుల్లో, కోర్టుల్లో, ఫోన్లలో ఇతరుల మాటలు మోస్తోంది. సాయంత్రం ఇల్లు చేరాక సొంత మాట ఒకటి మాట్లాడాలన్నా నోరు రాదు.

ఈసారి ఫోను పోలీసులది. హార్వుడ్ స్టేషన్ సార్జెంట్‌నని అవతలి గొంతు చెప్పింది. ఎదురుగా ఒక పెద్దాయన ఉన్నాడనీ, ఇంగ్లీషు రాదంటున్నాడనీ, నాలుగు ప్రశ్నలేననీ అన్నాడు. పేరు చదవబోయి మధ్యలో ఆగిపోయాడు.

"వీరవెంకటసత్యనారాయణ అండి," అని పక్కనుంచి వినిపించింది. "ఎవరమ్మా, తెలుగేనా? బతికించేవు తల్లీ!"

శేషుకుమారి డబ్బా పక్కన పెట్టి, నోట్‌ప్యాడ్ తీసుకుంది. తను ఎవరి పక్షమూ కాదనీ, ఇద్దరూ ఏమంటే అదే చెబుతాననీ మామూలుగా చెప్పే మాటలు రెండు భాషల్లోనూ చెప్పింది.

హార్వుడ్ రైల్వే స్టేషన్, దాని పక్క షాపింగ్ సెంటర్, చుట్టూ నాలుగు వీధులు కలిపి ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రత్యేక ప్రాంతంగా ప్రకటించారు. కత్తిపోట్లు ఎక్కువయ్యాయని అందరూ అడగ్గా అడగ్గా ప్రభుత్వం చేసిన పని అది. అలా ప్రకటించిన చోట పోలీసులు ఎవరినైనా ఆపి వెతకవచ్చు. అనుమానం ఉండనక్కర్లేదు, కారణం చెప్పనక్కర్లేదు. ఆరు నెలలకని పెట్టి, స్తంభాలకు ఇంగ్లీషులో కాగితాలు అంటించారు. సత్యనారాయణ గారు ఆ కాగితాల పక్కనుంచే వారానికి రెండుసార్లు నడిచేవాడు. స్టేషన్ అవతల కౌన్సిల్ వాళ్ళిచ్చిన సామూహిక తోటలో ఆయనకు రెండు మళ్ళున్నాయి. ఒకదాన్లో గోంగూర, ఇంకోదాన్లో తోటకూర. ఆ రోజు కూడా తోటకే బయల్దేరాడు. సంచిలో పేపరు చుట్టిన చిన్న కొడవలి ఉంది.

ఇదంతా శేషుకుమారికి తర్వాత తెలిసింది. ఫోనులో విన్నది ఇంతే.

"ఆ సంచిలో ఉన్న ఆయుధం మీదేనని ఒప్పుకుంటున్నారా?" అని సార్జెంట్ అడిగాడు.

"ఒప్పుకుంటున్నానండి, కొడవలి నాదే. గోంగూర కొయ్యడానికండి. అమ్మా, అది చెప్పు, గోంగూరకని చెప్పు."

ఆమె అంతా చెప్పింది. ఈ ఉద్యోగంలో అవతలి మనిషి "నేను" అంటే "నేను" అనే చెప్పాలి. కాబట్టి పెద్దాయన మాట తర్వాత ఆమె నోటినుంచి ఇంగ్లీషులో వచ్చిన మాటలివి: "నా చెయ్యి వాచిపోయింది. వెనక్కి మెలిపెట్టారు. వేళ్ళు కదలడం లేదు. మా అమ్మాయికి ఫోను చెయ్యండి."

"దాని సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు సార్జెంట్. "ఆఫీసర్ పట్టుకున్నప్పుడు మీరు చెయ్యి లాక్కున్నారా?"

"ఎవరో వెనకనుంచి సంచి పట్టుకుంటే లాక్కోమాండి? పోలీసోరని చూసేక ఆగిపోయేను. అప్పటికే కింద పడేసేరు."

ఆమె అదీ చెప్పింది. అవతల కీబోర్డు చప్పుడు కొంచెమే వినిపించింది. ఇంత పొడుగు జవాబుకి అంత తక్కువ చప్పుడేమిటా అనుకుంది. సార్జెంట్ థాంక్స్ చెప్పి పెట్టేశాడు. మొత్తం పందొమ్మిది నిమిషాలు. నోట్స్ చించెయ్యాలని రూలు. నాలుగో పనికి ఆలస్యమవుతోందని ప్యాడ్ అలాగే హ్యాండ్‌బ్యాగులో పడేసి కారు తీసింది. చాలాసేపటిదాకా కుడి మణికట్టు తనదే నొప్పెడుతున్నట్టు అనిపించింది.

మూడు వారాల తర్వాత వెర్రిబీలోని ఒక న్యాయ సహాయ కేంద్రానికి ఆమెను పంపారు. ఆ వైపు తెలుగు దుబాసీలు నలుగురైదుగురే ఉంటారు, అందుకని తిరిగి తిరిగి ఆమెకే వచ్చింది. గదిలో లాయరు ఫరహ్ ఉంది. ముప్ఫై ఏళ్ళ పిల్ల, పదో తరగతిదాకా హైదరాబాద్‌లోనే చదివింది. తెలుగు వచ్చినా, కేసు మాటలకు దుబాసీ ఉండాలన్నది కేంద్రం నియమం. ఎదురుగా చేతికి కట్టుతో సన్నగా, పొడుగ్గా ఒక డెబ్బై ఏళ్ళాయన. పక్కన ఆయన కూతురు అమృత, నర్సు యూనిఫాం మీదే వచ్చేసింది. వాళ్ళు పాయింట్ కుక్‌లో ఉంటారు.

శేషుకుమారి నమస్కారం పెట్టి ఒక మాట అనగానే పెద్దాయన తల ఎత్తాడు. "ఫోనులో నువ్వే కదమ్మా? గొంతు గుర్తుపట్టేను."

ఆమె వెంటనే ఫరహ్‌కి చెప్పేసింది, ఆ రోజు లైన్లో ఉన్నది తనేనని. ఫరహ్ పెన్ను కింద పెట్టింది. ఒక కాగితం ఆమె వైపు తిప్పింది. "ఆంటీ, ఇది చదవండి. పోలీసులు రాసింది."

రెండు నేరాలు మోపారు. ఆయుధం కలిగి ఉండటం ఒకటి, విధి నిర్వహణలో ఉన్న ఆఫీసర్‌ను ప్రతిఘటించడం ఇంకొకటి. పోలీసుల మీద చెయ్యి వేసినా, అడ్డుపడినా శిక్షలు పెంచుతూ చట్టాలు చేశారు, ఆ రెండోది అందులోంచి వచ్చింది. కింద చివరి వాక్యం దగ్గర శేషుకుమారి కళ్ళు ఆగిపోయాయి. ఆయుధం తనదేననీ, పోలీసులను ప్రతిఘటించాననీ నిందితుడు ఇంటర్‌ప్రెటర్ ద్వారా ఒప్పుకున్నాడు.

గోంగూర లేదు. చెయ్యి లేదు. అమ్మాయికి ఫోను చెయ్యమన్నది లేదు.

"రెండోది ఆయన అనలేదు," అంది శేషుకుమారి. "నేనూ చెప్పలేదు."

"రికార్డింగ్ లేదంటున్నరు ఆంటీ. ఆ టైంలో కెమెరా ఆన్‌లో లేదట. ఉన్నది మీరొక్కరే."

అమృత కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఫరహ్, నేనొకటి అడగనా? గిల్టీ అని చెప్పేస్తే ఇంతటితో అయిపోతుందా? మా హస్బెండ్‌కి సెక్యూరిటీ గార్డు లైసెన్స్ రెన్యూవల్ ఉంది. మా సిటిజన్‌షిప్ అప్లికేషన్ ఇంకా పెండింగ్‌లో ఉంది. నాన్నకి రికార్డ్ వస్తే మాకు ప్రాబ్లెమో కాదో కూడా తెలీదు. ప్రతి రాత్రీ అదే గూగుల్ చేస్తున్నా." గొంతులో కోపం లేదు, నిద్ర లేనితనం ఉంది. "నాన్నా, ప్లీజ్. ఒప్పేసుకుని వచ్చేద్దాం."

సత్యనారాయణ గారు కట్టు మీద చెయ్యి పెట్టుకుని కూతురిని చూశాడు. "కొడవలి పట్టుకుని రోడ్డెక్కకూడదని నాకు తెలీదమ్మా. అది నా తప్పే, ఎక్కడ చెప్పమంటే అక్కడ చెప్తాను. కానీ వాళ్ళ మీద తిరగబడ్డానని ఎలా చెప్పనే? నేనూ ముప్ఫైనాలుగేళ్ళు గవర్నమెంటు నౌకరీ చేసినోణ్ణి."

అమృత ముఖం పక్కకి తిప్పుకుంది. ఎవరూ ఆమెను తప్పుపట్టలేదు.

ఆ రోజు శేషుకుమారి ఆ గదిలోంచి బయటకు వచ్చేసింది. సాక్షి అయ్యే మనిషి దుబాసీగా కూర్చోకూడదు. వేరే ఆవిడ కోసం ఫరహ్ మళ్ళీ బుక్ చేసుకోవాలి. కారులో కూర్చున్నాక హ్యాండ్‌బ్యాగు అడుగున ఆ ప్యాడ్ తీసి చూసింది. ఆమె వంకర రాతలో "చెయ్యి వాపు, వెనక్కి", పక్కన బాణం గుర్తు, కింద "లాక్కోమాండి — చూశాక ఆగాను" అని ఉంది.

ఏజెన్సీకి ఫోను చేస్తే కోఆర్డినేటర్ మర్యాదగానే మాట్లాడింది. విన్నది బయట చెప్పకూడదన్న నియమం తెలుసు కదా అంది. పోలీసు పనులే ఏజెన్సీకి ఎక్కువని కూడా అంది, ఏదో వాతావరణం సంగతి చెబుతున్నట్టు. చివర్లో మాత్రం, కోర్టు సమన్లు వస్తే వెళ్ళక తప్పదు, అప్పుడు మేమేం అనలేం అంది. శేషుకుమారి రెండు రోజులు ఊరుకుంది. భర్తకు చెబితే ఆయన, "నీకెందుకు? నీ పేరు వాళ్ళ దగ్గర ఉంటుంది," అన్నాడు. గిన్నెలు కడుగుతూ ఆమె ఆలోచించింది. తన పేరు ఇప్పటికే వాళ్ళ దగ్గర ఉంది. పేరు కాకపోతే ఉద్యోగం ఉంది. ఇంటర్‌ప్రెటర్ ద్వారా అని రాశారు. ఆ మాటను ఆయన నోట్లో పెట్టడానికి తన నోటిని వాడుకున్నారు.

మూడోరోజు ఫరహ్‌కి ఫోను చేసింది. "సమన్లు పంపించమ్మా. వస్తాను."

కోర్టు తేదీ అక్టోబరులో పడింది. ఆ లోపల ప్రత్యేక ప్రాంతం గడువు ఆగస్టుతో తీరి, ఇంకో ఆరు నెలలు పొడిగించారు. ఎవరినీ అడగలేదు. అడిగి ఉంటే చాలామంది సరేననేవాళ్ళేమో కూడా, శేషుకుమారికి అదీ తెలుసు. ఆమె వీధిలోనే ఒకరింట్లో దొంగలు పడ్డారు.

కోర్టు రోజున ఉదయం తొమ్మిదికి వెళ్ళి వరండాలో కూర్చుంది. పక్క కుర్చీలో సత్యనారాయణ గారు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో. కట్టు తీసేశారు గానీ ఆ చెయ్యి ఒళ్ళో విడిగా, ఇంకొకరిదేదో మోస్తున్నట్టు పెట్టుకున్నాడు. అమృతకి డ్యూటీ, దింపేసి వెళ్ళిపోయింది. సాక్షి కాబట్టి కేసు సంగతి మాట్లాడకూడదని ఫరహ్ చెప్పింది. అందుకని ఇద్దరూ తోటకూర గురించి మాట్లాడుకున్నారు. ఇక్కడి మట్టి జిగట అనీ, ఎంత ఎరువేసినా కాడ ముదిరిపోతుందనీ ఆయన అన్నాడు. పదకొండయింది. పన్నెండయింది. ఆఫీసర్లు ఇద్దరు అటూ ఇటూ తిరిగారు. అందులో ఒకతను ఆయన్ని పడేసినవాడని ఆయన చూపును బట్టి ఆమెకు అర్థమైంది. పాతికేళ్ళు ఉంటాయేమో, కాఫీ కప్పు పట్టుకుని ఆవలిస్తున్నాడు. వాడూ అలిసిపోయే ఉన్నాడు.

రెండు గంటలకు ఫరహ్ తలుపు తోసుకుని వచ్చింది.

"అంకుల్, కేస్ వాపస్ తీసుకున్నరు. రెండూ."

"అంటే గెలిచేమా అమ్మా?"

ఫరహ్ ఆయన పక్కన కూర్చుంది. "గెలుసుడు కాదు అంకుల్. ఆంటీ వచ్చిన్రని, నోట్స్ తెచ్చిన్రని వాళ్ళ లాయరుకు చెప్పిన. లోపలికి పోయి మాట్లాడుకున్నరు. వద్దనుకున్నరు. ఇంటికి పోవచ్చు."

"మరి ఆ రాసింది తప్పని ఎవరైనా చెప్పేరా?"

"లేదు. చెప్పనక్కర్లేదు వాళ్ళకి."

శేషుకుమారి బ్యాగులోని ప్యాడ్‌ని ఎవరూ చూడలేదు. అయిదు గంటలు కూర్చున్నది ఒక్క మాట చెప్పడానికి కూడా కాదని తేలింది. తేలిగ్గా అనిపించాలి, అనిపించలేదు. సత్యనారాయణ గారు మాత్రం లేచి, లోపలి గదివైపు చూసి, ఎవరూ లేని ఆ తలుపుకే దణ్ణం పెట్టి బయల్దేరాడు. చాలా ఏళ్ళ అలవాటు కాబోలు.

చేతి సంగతి మీద ఫరహ్ వేరే ఫిర్యాదు వేసింది. పోలీసుల మీద ఫిర్యాదులు చూసే ఆఫీసు ఒకటుంది. ఆ ఆఫీసు దాన్ని తీసుకుని, పరిశీలించి, విచారణ కోసం తిరిగి పోలీసులకే పంపింది. అమృత ఆ సంగతి విని నవ్విందట. అది నవ్వు కాదని ఫరహ్ అంది.

జవాబు రావడానికి మార్చి అయింది. ఒక శనివారం ఉదయం సత్యనారాయణ గారు శేషుకుమారి ఇంటికి వచ్చాడు, ఒక చేత్తో గోంగూర కట్ట, ఇంకో చేత్తో కవరు. పాయింట్ కుక్ నుంచి బస్సు మారి వచ్చాడు. హార్వుడ్‌లో రైలు దిగడం మానేసి, తోటకు కూడా అలాగే చుట్టు తిరిగి వెళుతున్నాడట, గంటన్నర.

"అమ్మాయి చదివి చెప్పిందమ్మా. కానీ అది చెప్పేటప్పుడు నా మొహం చూసుకుంటా చెప్తాది. తగ్గించి చెప్తాదేమోనని. నువ్వైతే ఉన్నదున్నట్టు చెప్తావు."

కేసు అయిపోయింది కనుక చదవడానికి ఇప్పుడు అడ్డం లేదు. ఆమె కాఫీ ఇచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పింది. ఆపిన చోట ఆపే అధికారం ఆఫీసర్లకు చట్టం ఇచ్చింది. ఉపయోగించిన బలం ఆ పరిస్థితికి తగినదే. గాయం విచారకరం. రాతలో లోపాలు జరిగాయి, సంబంధితులతో మాట్లాడటమైంది. ఆఫీసర్లు సద్భావంతో వ్యవహరించారు, సద్భావంతో చేసిన పనికి చట్టం వారికి రక్షణ ఇస్తోంది. కాబట్టి తదుపరి చర్య లేదు.

"సద్భావం అంటే?"

"మంచి మనసుతో చేశారని అండి."

ఆయన మణికట్టు వైపు చూసుకున్నాడు. పూర్తిగా తిరగదు అది. "మంచి మనసుతోనే ఇరిచేరా," అన్నాడు మెల్లగా. వెటకారం కాదు, నిజంగానే అర్థం చేసుకోవడానికి చూస్తున్నాడు.

కాఫీ చల్లారేదాకా తాగలేదు. తర్వాత తనే మొదలెట్టాడు.

"నేను కాలవ మీద లస్కర్నమ్మా. రావులపాలెం దిగువన. దాళవా పంటకి, అదే రెండో కారుకి, నీళ్ళు చాలనప్పుడు వంతులు కడతారు. ఈ వారం పై ఊళ్ళకి, వచ్చే వారం కింది ఊళ్ళకి. వంతు కానోళ్ళ తూములు మూసేసి తాళం ఏసేది నేనే. చేలు ఎండిపోతా ఉంటే రైతులు గట్టు మీద నిలబడి తిట్టేవోరు. రెండొందల మంది. నా దగ్గరేముంది? ఓ తాళం, ఓ కాయితం. తాళం బద్దలుకొట్టడం వాళ్ళకి చిటికెలో పని. కొట్టేవోరు కాదు. ఎందుకంటే నేను ఎవరి మామిడితోటకీ దొంగచాటుగా నీళ్ళొదల్లేదు. తిట్టుకుంటానే ఒప్పుకునేవోరు. ఒక ఏడు మా సూపర్‌వైజరు ఎవరికో వదిలేడు. ఆ తెల్లారి తాళం లేదు, తూముకి తలుపూ లేదు. పోలీసుల్ని కాపలా పెట్టేరు. ఎన్నాళ్ళు పెడతారు?"

"మరి ఏమైందండీ?"

"ఏముంది, నన్నే పంపేరు. ఇంటింటికీ తిరిగి, తప్పయిందని చెప్పేను. నేను చెయ్యలేదు ఆ తప్పు. కానీ ఎవరో ఒకరు చెప్పాలి కదమ్మా." ఆయన కాగితం కేసి చూశాడు. "ఇక్కడ ఎవరూ చెప్పట్లేదు."

కవరులో ఇంకో కాగితం ఉంది. ఫలితం అందిందని సంతకం చేసి పంపమని. మీకు సమ్మతం కాకపోతే పునఃపరిశీలన కోరవచ్చు అని అడుగున చిన్న అక్షరాలు. ఫరహ్ అడుగుదామంటోందనీ, ఇంకో ఏడాది పడుతుందందనీ ఆయన చెప్పాడు. అమృత వద్దంటోంది. వాళ్ళకి సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చింది.

"మీరేమనుకుంటున్నారు?"

"ఓపిక లేదమ్మా." ఆ మాట అంటూనే పెన్ను అడిగాడు. తిరగని చెయ్యి కాబట్టి కాగితాన్నే తిప్పుకుని, సంతకం చెయ్యాల్సిన గీత మీద తెలుగులో నిదానంగా రాశాడు. *అందింది. చదివి వినిపించారు. ఒప్పుకోలేదు.* కింద పూర్తి పేరు, ఒక్క అక్షరం వదలకుండా.

"వాళ్ళకి తెలుగు రాదు కదా, ఏం చేస్తారు?" అన్నాడు.

"ఎవరో ఒకరిని పిలిచి చెప్పించుకుంటారు."

"నిన్నే పిలుస్తారేమో."

"పిలిస్తే చెబుతాను."

ఇద్దరూ కలిసి వీధి చివరి డబ్బాలో ఉత్తరం వేసి వచ్చారు. ఆయన బస్సెక్కాక ఆమె ఇంటికొచ్చి గోంగూర ఒలిచింది. ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. ఆమెను ఎవరూ పిలవలేదు. ఎవరైనా చదివించుకున్నారో, ఫైల్లో పెట్టేశారో తెలియదు. ఏప్రిల్లో సత్యనారాయణ గారు హార్వుడ్ తోటలో మళ్ళు వదిలేసుకుని, పాయింట్ కుక్‌లో కూతురి ఇంటి పెరట్లో తొట్టెలు పెట్టుకున్నాడు. జూన్‌లో అమృతా వాళ్ళకి సిటిజన్‌షిప్ వచ్చింది. మిఠాయి డబ్బా ఇవ్వడానికి వచ్చి ఆమె గుమ్మంలోనే చాలాసేపు నిలబడింది. "ఆంటీ, ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది," అని, మళ్ళీ తనే, "కానీ మళ్ళీ అయినా అదే అంటానేమో," అంది. శేషుకుమారి ఆమె భుజం తట్టింది.

ఏజెన్సీ నుంచి పోలీసు పనులు రావడం ఎప్పుడు ఆగిపోయిందో శేషుకుమారికి సరిగ్గా గుర్తులేదు. ఎవరూ ఏమీ అనలేదు. రావడం లేదు, అంతే.

ప్రత్యేక ప్రాంతం గడువు ఫిబ్రవరిలో తీరితే మళ్ళీ పొడిగించారు. జూలైలో ఒకరోజు కారు సర్వీసుకిచ్చి, హార్వుడ్‌లో ఒక క్లినిక్ పనికి రైల్లో వెళ్ళింది. మెట్లు దిగగానే నలుగురు ఆఫీసర్లు, చేతుల్లో ఇనుమును పసిగట్టే కర్రలు. వాళ్ళలో ఆడపిల్ల ఒకతె నవ్వుతూ ముందుకొచ్చి, బ్యాగు చూడవచ్చా, మీకేం అభ్యంతరం లేదు కదా అని ఇంగ్లీషులో అడిగింది.

"ఉందంటే?" అంది శేషుకుమారి.

ఆ పిల్ల కాస్త తడబడింది. "ఉందన్నా చూడాల్సిందేనండి. ఇక్కడ మాకు ఆ అధికారం ఉంది. మర్యాదకి అడుగుతాం."

వెనకాల జనం ఆగిపోతున్నారు. తోపుడుబండిలో పసిపాపను పెట్టుకున్న తల్లి ఒకామె, పనిబట్టల్లో ఇద్దరు మగవాళ్ళు. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. తమ వంతు కోసం బ్యాగులు ముందే తెరిచి పట్టుకున్నారు. చలిగాలి కొడుతోంది. క్లినిక్‌లో ఎవరో కొత్తగా ఊరినుంచి వచ్చిన బాలింత ఎదురుచూస్తూ ఉంటుంది, పది నిమిషాలే ఉంది.

"అడగకండి," అంది శేషుకుమారి. "చూడండి, కానీ అడగకండి."

బ్యాగు తెరిచి ఇచ్చింది. ఆ పిల్ల కొంచెం ఎర్రబడి, మాట్లాడకుండా లోపల చూసి, తిరిగి ఇచ్చింది. శేషుకుమారి జిప్పు వేసుకుని, రోడ్డు దాటి, క్లినిక్ వైపు నడిచింది.